‘ఫైన్’ అంటే బాగుందనా, బాగానే ఉందనా? ఎక్కడ ఎలా వాడాలి

కొత్తగా చేరిన కుర్రాడొకడు ఒకసారి నాకు పది పేజీల రిపోర్టు పంపి, ఎలా ఉందో చెప్పమన్నాడు. చదివాను. నిజంగా బాగా రాశాడు. నేనేదో హడావుడిలో ఉండి, ‘ద రిపోర్ట్ ఈజ్ ఫైన్’ అని ఒక్క ముక్క కొట్టి పంపేశాను. మెచ్చుకున్నాననే అనుకున్నాను. మర్నాడు పొద్దున చూద్దును కదా, రాత్రంతా కూర్చుని ఆ పది పేజీలూ తిరగరాసి పంపాడు. కింద ఒక వాక్యం: ‘ఈసారైనా మీకు నచ్చుతుందనుకుంటున్నాను.’

అతను పుట్టి పెరిగిందంతా ఇంగ్లిష్ మాట్లాడే ఊళ్లోనే. నేను ‘బాగుంది’ అన్నాను. అతనికి ‘బాగానే ఉంది’ అని వినపడింది.

ఆ ‘నే’ ఎంత పని చేస్తుందో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? వంట ఎలా ఉందని అడిగితే ‘బాగుంది’ అన్నవాళ్లకి ఇంకో గరిటె వడ్డిస్తాం. ‘బాగానే ఉంది’ అన్నవాళ్లని మాత్రం, ‘ఏం, ఉప్పు తక్కువైందా?’ అని అడుగుతాం. ఇంగ్లిష్‌లో ఫైన్ అనే మాట ఒక్కోచోట ‘బాగుంది’, ఒక్కోచోట ‘బాగానే ఉంది’. ఇంకోచోట ‘వద్దు’, మరోచోట ‘సన్నం’. ఏది ఎప్పుడో పట్టుకోవడానికి నేను వాడే పద్ధతి వరసగా చెబుతాను.

మొదటి మెట్టు: మాట ఎక్కడ కూర్చుందో చూడండి

ఈ ఒక్కటి అలవాటైతే సగం గొడవ తీరిపోతుంది. ఫైన్ అనేది నామవాచకానికి ముందు వస్తే సాధారణంగా మెప్పు. ‘ఈజ్’, ‘యామ్’, ‘ఆర్’ లాంటి క్రియ తర్వాత ఒంటరిగా వస్తే ‘ఇబ్బందేమీ లేదు, సరిపోతుంది’ అని మాత్రమే.

రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. ‘షి ఈజ్ ఎ ఫైన్ సింగర్’ అంటే ఆవిడ చాలా మంచి గాయని. ‘హర్ సింగింగ్ ఈజ్ ఫైన్’ అంటే పాడుతుంది, ఫర్వాలేదు. మొదటిది చెబితే ఆవిడ సంతోషిస్తుంది, రెండోది చెబితే ఇంకెప్పుడూ మీ ముందు పాడదు. అలాగే ‘ఎ ఫైన్ టీచర్’ అంటే పదిమందిలో ఎన్నదగిన టీచర్. ‘ద టీచర్ ఈజ్ ఫైన్’ అంటే టీచర్‌తో ఏ సమస్యా లేదు, లేదా టీచర్‌కి దెబ్బేమీ తగల్లేదు. నేనా రోజు ‘దిస్ ఈజ్ ఎ ఫైన్ రిపోర్ట్’ అని రాసి ఉంటే ఆ కుర్రాడు హాయిగా నిద్రపోయేవాడు.

నామవాచకం ముందున్నప్పుడు ఈ మాటకి ఎంత బరువుందో ‘ఫైనెస్ట్’ చూస్తే తెలుస్తుంది. 1940 జూన్ 18న బ్రిటిష్ పార్లమెంటులో మాట్లాడుతూ అప్పటి ప్రధాని చర్చిల్ తన ప్రసంగాన్ని ముగించింది ఈ మాటతోనే. వెయ్యేళ్ల తర్వాత కూడా జనం తమ దేశం గురించి ‘దేర్ ఫైనెస్ట్ అవర్’ అని చెప్పుకోవాలన్నాడు. అక్కడ ‘ఫర్వాలేదనిపించిన ఘడియ’ అని అర్థం చెప్పుకుంటే నవ్విపోతారు.

ఒకే మాటకి ఇంత తేడా ఎందుకొచ్చిందంటే, దాని పుట్టుకలో ఉంది కిటుకు. మూలం లాటిన్‌లోని ‘ఫీనిస్’. కొస, ముగింపు, హద్దు అని అర్థం. ఫినిష్, ఫైనల్ అన్నీ ఆ ఇంటివే. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి, చివరిదాకా సాన పట్టింది, ఇక మెరుగు పెట్టడానికేమీ లేనిది అనే అర్థం తెచ్చుకుంది. అందుకే ‘గొప్ప’. దేన్నయినా అలా నూరుతూ, వడకడుతూ పోతే సన్నబడుతుంది. అందుకే ‘సన్నని’. ఇక రోజూ ‘హౌ ఆర్ యూ’ అని అడిగిన ప్రతిసారీ జవాబుగా వాడి వాడి, ఒక చోట మాత్రం అరిగిపోయి ‘ఫర్వాలేదు’ దగ్గర ఆగింది.

మనం కట్టే ఫైన్ కూడా ఆ వంశంలోదే. తగాదాకి ముగింపు పలకడానికి కట్టే సొమ్ము కాబట్టి ఆ పేరు. ఫైనాన్స్ అనే మాటా బాకీ ముగించడం అనే అర్థంలోంచే పుట్టింది. పాశ్చాత్య సంగీతం నేర్చుకునేవాళ్లకి స్వరపత్రంలో అచ్చం ఈ అక్షరాలతోనే ఒక మాట కనిపిస్తుంది. దాన్ని ఇటాలియన్ పద్ధతిలో ‘ఫీనే’ అని పలకాలి, ఇక్కడితో ఆపమని దాని అర్థం. ‘బాగుంది, ఇంకా వాయించు’ అనుకునేరు!

రెండో మెట్టు: మీ గురించి చెప్పుకునేటప్పుడు

‘హౌ ఆర్ యూ?’ అంటే ‘ఐయామ్ ఫైన్, థాంక్యూ’ అని బళ్లో బట్టీ పట్టినవాళ్లమే అందరమూ. తప్పేమీ కాదు, ఈరోజుకీ చెల్లుతుంది. కాకపోతే కాస్త పొడిగా ఉంటుంది. స్నేహితులతో ‘గుడ్, థాంక్స్’ అంటే చాలు. నిజంగా హుషారుగా ఉన్నారనుకోండి, ‘గ్రేట్’ అనండి. ఫైన్ అంటే అవతలివాళ్లకి హుషారు కనిపించదు.

‘ఐయామ్ వెరీ ఫైన్’ అనకండి. బాగోగుల గురించి చెప్పేటప్పుడు ఫైన్‌కి ‘వెరీ’ అతకదు. నొక్కి చెప్పాలంటే ‘జస్ట్ ఫైన్’, ‘పర్ఫెక్ట్‌లీ ఫైన్’, ‘యాబ్సల్యూట్‌లీ ఫైన్’ అంటారు. సన్నదనం గురించో నాణ్యత గురించో అయితే ‘వెరీ’ చక్కగా అతుకుతుంది: ‘ఎ వెరీ ఫైన్ పౌడర్’ అంటే వస్త్రకాయం పట్టినంత మెత్తని పొడి, ‘ఎ వెరీ ఫైన్ పెయింటింగ్’ అంటే చాలా గొప్ప చిత్రం.

ఎవరైనా కాలు జారి పడ్డారు. పరిగెత్తి వెళ్లి ‘ఆర్ యూ ఫైన్?’ అని అడుగుతాం మనం. ఇంగ్లిష్ ఇంటి భాషగా ఉన్నవాళ్లు ‘ఆర్ యూ ఓకే?’ అనో, ‘ఆర్ యూ ఆల్‌రైట్?’ అనో అడుగుతారు. పడ్డవాళ్లు మాత్రం ‘ఐయామ్ ఫైన్’ అంటారు. ఇది గుర్తుపెట్టుకోండి: ఫైన్ ప్రశ్నలో కంటే జవాబులో ఎక్కువగా ఉంటుంది. ‘ఈజ్ దట్ ఓకే?’ అని అడుగు, ‘యెస్, దట్స్ ఫైన్’ అని చెప్పు. అడిగేటప్పుడు ఓకే, చెప్పేటప్పుడు ఫైన్ అనుకుంటే చాలాసార్లు సరిపోతుంది.

‘నాట్’ చేర్చి వాడటం కూడా తక్కువే. ఒంట్లో బాగాలేదని చెప్పడానికి ‘ఐయామ్ నాట్ ఫైన్’ కాదు, ‘ఐయామ్ నాట్ వెల్’ లేదా ‘ఐయామ్ నాట్ ఫీలింగ్ వెల్’. ‘ఐయామ్ నాట్ ఫైన్’ అనేది ఎదుటివాళ్లు ‘నువ్వు ఫైన్‌గానే ఉన్నావ్ కదా’ అన్నప్పుడు, ‘లేను మొర్రో’ అని కొట్టిపారేయడానికి పనికొస్తుంది.

మూడో మెట్టు: కావాలా, వద్దా?

మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

మీరెవరింటికో వెళ్లారు. వాళ్లు ‘వుడ్ యూ లైక్ సమ్ టీ?’ అన్నారు. మీకు టీ కావాలి. మొహమాటానికి నవ్వి ‘ఐయామ్ ఫైన్’ అన్నారు. మీకు టీ రాదు. వాళ్ల లెక్కలో మీరు ‘నాకేమీ వద్దండీ’ అన్నట్టే. ‘ఐయామ్ గుడ్’ అన్నా అంతే. కావాలంటే ‘యెస్, ప్లీజ్’ అనాలి.

అదే, వాళ్లు ‘కాఫీ అయిపోయింది, టీ ఇవ్వనా?’ అన్న అర్థం వచ్చేలా ‘ఈజ్ టీ ఓకే?’ అని అడిగారనుకోండి. ‘టీ ఈజ్ ఫైన్’ అంటే టీ వస్తుంది. ‘దట్స్ ఫైన్’ అన్నా వస్తుంది. ‘ఐయామ్ ఫైన్ విత్ టీ’ అన్నా వస్తుంది.

అంటే, ‘నేను’ ఫైన్ అన్నాక వాక్యం అక్కడే ఆగిపోతే, వద్దని. ‘అది’ ఫైన్ అంటే సరేనని. సాయం చెయ్యమంటారా అని మీరు అడిగినప్పుడు కూడా ఇంతే. నేను కొత్తలో ఒకావిడ పెద్ద పెట్టె మోసుకెళ్తుంటే సాయం పట్టనా అని అడిగాను. ‘ఐయామ్ ఫైన్’ అంది. క్షేమసమాచారం చెప్పింది కాబోలనుకుని, ‘ఐయామ్ ఆల్సో ఫైన్’ అని జవాబిచ్చి, పెట్టెకి రెండోవైపు చెయ్యి వేశాను. ఆవిడ చూసిన చూపు ఇంకా గుర్తుంది.

‘యూ ఆర్ ఫైన్’ అనే ప్రయోగం అమెరికాలో బాగా వినిపిస్తుంది. పొరపాటున ఎవరికైనా తగిలి ‘సారీ’ అన్నారనుకోండి, వాళ్లు ‘ఓ, యూ ఆర్ ఫైన్’ అంటారు. మీ ఆరోగ్యానికి కితాబు కాదది, ‘పర్లేదు లెండి’ అని. ఇదే రాగం తీసి ‘షి ఈజ్ ఫైన్!’ అన్నారంటే ఆ అమ్మాయి చాలా బాగుంటుందని, కొంచెం చిలిపి మాట. ఆఫీసులో ఎవరి గురించీ ఆ రాగంతో అనకండి.

నాలుగో మెట్టు: గొంతు వినండి, చుక్క చూడండి

‘ఫైన్’ అని ఒక్క మాటే జవాబుగా వస్తే మన ‘సరే’ కుటుంబం మొత్తం అందులో ఉంటుంది. మామూలు గొంతుతో అంటే ‘సరే’. సాగదీస్తే ‘సర్లే’. కొట్టినట్టు పొడిగా అంటే ‘సరే, నీ ఇష్టం, ఏమైనా చేసుకో!’. ఈ మూడోది విన్నాక అనుమతి దొరికిందని బయల్దేరేవాళ్లు సాయంత్రానికి తెలుసుకుంటారు.

మెసేజ్‌లో గొంతు వినపడదు కాబట్టి ఇంకా జాగ్రత్త. ‘దట్స్ ఫైన్!’ అంటే నిజంగానే సరే. ‘ఫైన్’ అని రాసి పక్కన ఫుల్‌స్టాప్ పెడితే చాలామంది దాన్ని అలకగా చదువుతారు. మీకు కోపం లేకపోతే కనీసం ఇంకో రెండు మాటలు కలపండి: ‘దట్స్ ఫైన్ విత్ మి, థాంక్స్.’ పై అధికారి నుంచి ‘ఫైన్.’ అని వచ్చిందని రాత్రంతా టెన్షన్ పడ్డవాళ్లను చూశాను. ఆయన పాపం కారెక్కుతూ టైప్ చేసి ఉంటాడు.

ఐదో మెట్టు: సన్నం అన్నప్పుడు, ఎలాంటి సన్నం?

తెలుగులో ‘సన్నం’ చాలా మోస్తుంది. సన్నటి మనిషి, సన్నటి దారం, సన్నటి ఇసుక, సన్నటి సందు, సన్నటి గొంతు. ఇంగ్లిష్‌లో ఇవన్నీ ఫైన్ కావు. సన్నటి మనిషి ‘స్లిమ్’ లేదా ‘థిన్’, సన్నటి సందు ‘నారో’. దారం, ఇసుక, దుమ్ము, పొడి, వెంట్రుక, గీత, జల్లెడ కన్ను, సూది మొన లాంటివాటికి ఫైన్ సరిపోతుంది. రేణువు చిన్నదై ఉండాలి, లేదా పోగు పలచనై ఉండాలి.

జుట్టు విషయంలో ఒక చిన్న తిరకాసుంది. ‘ఫైన్ హెయిర్’ అంటే ఒక్కో వెంట్రుకా పట్టుపోగులా సన్నగా ఉందని. ‘థిన్ హెయిర్’ అంటే సాధారణంగా జుట్టు పలచబడిందని, అంటే వెంట్రుకలు తక్కువున్నాయని. ఒకే తలకి ఒకటుండి రెండోది లేకపోవచ్చు. క్షౌరశాలలో తప్పు మాట వాడితే వేరే నూనె అంటగడతారు.

అర్థం ఖాయం చేసుకోవడానికి సులువైన పరీక్ష వ్యతిరేక పదం పెట్టి చూడటం. ముతక, అంటే ‘కోర్స్’ అన్న మాట అక్కడ ఇముడుతుందా? అయితే ఇది సన్నం అనే ఫైన్. గరుకు కాగితం కొనేటప్పుడు ‘కోర్స్’, ‘ఫైన్’ అనే మాటలు కనిపిస్తాయి. అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది, 60 నంబరుది ముతక, 220 నంబరుది సన్నం. పెన్ను పాళీ మీద ‘ఎఫ్’ అని ఉంటే ఫైన్, సన్నగా రాస్తుంది. ‘ఎమ్’ అంటే మీడియం. గాలి కాలుష్యం వార్తల్లో వచ్చే పీఎం 2.5ని ‘ఫైన్ పార్టికల్స్’ అంటారు. 2.5 మైక్రోమీటర్లు, అంతకన్నా చిన్న రేణువులవి. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రోమీటర్లు ఉంటుంది, అంటే దాదాపు 30వ వంతు. ఇక్కడ ఫైన్ అంటే మంచిదని పొరబడితే ఊపిరితిత్తులు ఒప్పుకోవు.

క్రికెట్ చూసేవాళ్లకి ఇంకో వ్యతిరేక పదం తెలుసు. ‘ఫైన్ లెగ్’ ఎక్కడుంటాడు? వికెట్ల వెనక, లెగ్ సైడ్, పిచ్ గీతని వెనక్కి పొడిగిస్తే ఆ గీతకి దగ్గరగా. ‘స్క్వేర్ లెగ్’ ఆ గీతకి అడ్డంగా, బ్యాట్స్‌మన్‌కి సూటిగా పక్కన. కామెంటేటర్ బంతి ‘వెరీ ఫైన్’గా వెళ్లిందంటే షాట్ అద్భుతమని కాదు, కీపర్ పక్కనుంచి సన్నని కోణంలో వెనక్కి పోయిందని. అద్భుతం కూడా అయితే అయి ఉండవచ్చు.

సన్నదనం నుంచే నేర్పు అనే అర్థమూ వచ్చింది. చిన్నపిల్లల ఎదుగుదల గురించి చెబుతూ డాక్టర్లు ‘ఫైన్ మోటార్ స్కిల్స్’ అంటారు. గుండీ పెట్టుకోవడం, పెన్సిల్ పట్టుకోవడం, పూస గుచ్చడం లాంటి వేళ్ల పనులవి. నడక, గెంతడం లాంటి పెద్ద కదలికలు ‘గ్రాస్’. ‘ఫైన్ ట్యూనింగ్’ అంటే పాత రేడియోలో స్టేషన్ దొరికాక, గరగర పోయేదాకా మీటను వెంట్రుకవాసి తిప్పడం. ఇప్పుడు కంప్యూటర్ నిపుణులు అదే మాటను, ముందే తయారైన ఏఐ మోడల్‌కి ఒక ప్రత్యేకమైన పనిలో మరికొంత తర్ఫీదు ఇవ్వడానికి వాడుతున్నారు.

బంగారం సంగతి త్వరగా చెప్పేస్తాను. ‘ఫైన్ గోల్డ్’కి మనకి అచ్చమైన మాట ఉంది: మేలిమి బంగారం. దాని స్వచ్ఛతను ‘ఫైన్‌నెస్’ అంటారు, వెయ్యి పాళ్లలో ఎన్ని పాళ్లు బంగారమో చెప్పే అంకె అది. 24లో 22 పాళ్లు అంటే వెయ్యికి 916, అదే 22 కేరట్లు. 18 కేరట్లు 750.

వాతావరణానికి వాడితే ‘వాన లేదు’ అని. ‘ఇఫ్ ఇట్ ఈజ్ ఫైన్ టుమారో’ అంటే రేపు వాన పడకపోతే, తెరిపిగా ఉంటే. ‘ఫైన్ ఆర్ట్స్’లో ఉన్నది సన్నమూ కాదు, ఫర్వాలేదూ కాదు. వాడుక కోసం కాక అందం కోసమే చేసే కళలు, మన లలితకళలు.

ఆరో మెట్టు: ఫైన్, ఫైన్‌లీ, ఫైనల్లీ

విశేషణానికి ‘లీ’ చేర్చి క్రియావిశేషణం చేయడం మనకి అలవాటు. ఇక్కడ తొందరపడకండి. ‘ద మెషీన్ వర్క్స్ ఫైన్’ అనాలి, యంత్రం బాగానే పనిచేస్తోందని. ‘వర్క్స్ ఫైన్‌లీ’ అనరు. ‘ఐ స్లెప్ట్ ఫైన్’, ‘ఎవ్రీథింగ్ వెంట్ ఫైన్’ కూడా అంతే. ఇబ్బంది లేకుండా జరిగిందని చెప్పే చోట ‘లీ’ లేదు.

ముక్కలు, పొడులు, సున్నితమైన తూకాల దగ్గర ‘ఫైన్‌లీ’ వస్తుంది. ‘ఫైన్‌లీ చాప్డ్ ఆనియన్స్’ అంటే సన్నగా తరిగిన ఉల్లిపాయలు. ‘ఫైన్‌లీ బ్యాలెన్స్‌డ్’ అంటే ఏ కాస్త బరువు పడినా అటో ఇటో మొగ్గేలా ఉన్నది. రాసేటప్పుడు దీన్ని ‘ఫైనల్లీ’తో కలిపేయకండి. స్పెల్లింగు కాస్త జారితే ‘సన్నగా తరిగిన’ ఉల్లిపాయలు ‘ఎట్టకేలకు తరిగిన’ ఉల్లిపాయలవుతాయి. రెండోది కూడా చాలా వంటిళ్లలో నిజమే అనుకోండి.

‘ఎ ఫైన్’ అని ముందు ‘ఎ’ ఉండి, వెనక ఇంకే నామవాచకమూ లేకపోతే అది జరిమానా. ‘హి పెయిడ్ ఎ ఫైన్’ అంటే డబ్బు కట్టాడు. ‘హి వాజ్ ఫైన్డ్’ అంటే అతనికి జరిమానా వేశారు. ‘హి వాజ్ ఫైన్’ అంటే అతనికేమీ కాలేదు. చివర ‘డ్’ పలక్కపోతే జేబుకి తేడా వస్తుంది. ఇంగ్లిష్‌లో ఒక పాత హాస్యం: ‘ఫైన్ ఫర్ పార్కింగ్’ అన్న బోర్డు చూసి, బండి పెట్టుకోవడానికి ఇది చక్కటి చోటని నిక్షేపంగా పెట్టేశాడట ఒకాయన.

ఏడో మెట్టు: జాతీయాలను మాటకి మాటగా విప్పకండి

ఫైన్ ఉన్న జాతీయాలు ఇంగ్లిష్‌లో బోలెడు. వీటిని పట్టుకోవడానికి మంచి దారి, వాటి పక్కన మన జాతీయాన్ని కూర్చోబెట్టడమే. ‘గో త్రూ ఇట్ విత్ ఎ ఫైన్ టూత్ కోంబ్’ అంటే ఇరుకు పళ్ల దువ్వెనతో దువ్వడం. వాళ్లు దువ్వుతారు, మనం జల్లెడ పడతాం. ‘షి హ్యాజ్ గాట్ ఇట్ డౌన్ టు ఎ ఫైన్ ఆర్ట్’ అంటే ఆ పని ఆవిడకి కొట్టినపిండి. ‘ఫైన్ వర్డ్స్ బటర్ నో పార్స్‌నిప్స్’ అనే సామెతని అక్షరాలా తెలుగు చేస్తే దుంపలు, వెన్న వచ్చి నవ్వులపాలవుతాం. మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు అంటే సరిపోతుంది. అయితే మన సామెతలో వెక్కిరింపు ఓ పాలు ఎక్కువ.

‘యూ ఆర్ కటింగ్ ఇట్ ఫైన్’ అని బ్రిటిష్‌వాళ్లు అంటే, కత్తితో పని లేదు. రైలు ఆరింటికైతే ఐదూ యాభై ఎనిమిదికి ప్లాట్‌ఫారం మీద పరిగెత్తేవాళ్లని ఆ మాట అంటారు. ‘దేర్ ఈజ్ ఎ ఫైన్ లైన్’ అంటే రెంటి మధ్యా సన్నటి గీతే అడ్డం: పొదుపుకీ పిసినారితనానికీ మధ్య ఉన్నట్టు. ‘ఫైన్ ప్రింట్’ అంటే ఒప్పందం అడుగున ఉండే చీమతలకాయంత అక్షరాలు. అసలు షరతులన్నీ అక్కడే ఉంటాయి. ‘నాట్ టు పుట్ టూ ఫైన్ ఎ పాయింట్ ఆన్ ఇట్’ అని మొదలుపెట్టారంటే, ఇక మొహమాటం లేకుండా కుండబద్దలు కొట్టబోతున్నారని.

వ్యంగ్యం కూడా ఉంది, అది మనకి చేతిలో పనే. ‘ఎ ఫైన్ మెస్ యూ హ్యావ్ మేడ్!’ అంటే ‘బాగానే వెలగబెట్టావు నిర్వాకం!’. ‘యూ ఆర్ ఎ ఫైన్ వన్ టు టాక్’ అంటే ‘చెప్పొచ్చావులే పెద్ద!’. మొదటి మెట్టులో నామవాచకం ముందున్న ఫైన్ మెప్పని చెప్పాను. ఇవి కూడా నామవాచకం ముందున్నవే, అందుకే కుట్టగలుగుతున్నాయి. మెప్పు లేనిచోట మెప్పు మాట వాడితేనే కదా దెప్పు.

‘వన్ ఫైన్ డే’ గురించి ఒక్క మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మన ఇంగ్లిష్‌లో ప్రతి కథా ‘వన్ ఫైన్ డే’తోనే మొదలవుతుంది. ‘వన్ ఫైన్ డే హి మెట్ విత్ యాన్ యాక్సిడెంట్’ అని రాసేస్తాం. పాపం యాక్సిడెంట్ అయినవాడికి ఆ రోజు అంత ఫైన్ ఎలా అవుతుంది? తెలుగులో ‘ఒకానొక శుభదినాన ఆయన కాలు విరిగింది’ అంటే ఎలా వినిపిస్తుందో, అదీ అంతే. చెడు వార్త అయితే ‘వన్ డే’ చాలు. దెప్పడమే మీ ఉద్దేశమైతే ఉంచుకోండి.

ఎనిమిదో మెట్టు: రాసి పంపేముందు ఒకసారి మార్చి చూడండి

ఎవరి పనినైనా మెచ్చుకుంటూ రాసేటప్పుడు, క్రియ తర్వాత ఒంటరి ఫైన్ కనిపిస్తే దాన్ని తీసేయండి. ‘యువర్ డిజైన్ ఈజ్ ఫైన్’ స్థానంలో ‘ఐ లైక్ యువర్ డిజైన్’ అనండి, ఏది నచ్చిందో ఒక ముక్క చేర్చండి. సిఫారసు ఉత్తరంలో ‘హిజ్ వర్క్ వాజ్ ఫైన్’ అని రాస్తే ఆ ఉద్యోగం రానట్టే. అదే సెలవు అడిగినవాళ్లకి, సమావేశం రేపటికి మార్చమన్నవాళ్లకి ‘దట్స్ ఫైన్’ అనే జవాబు బంగారం. అక్కడ ‘దట్ ఈజ్ ఎ ఫైన్ ఐడియా’ అంటే అతిగా ఉంటుంది, ఒక్కోసారి వెటకారమనీ అనుకుంటారు.

ఇప్పుడు ఈ నాలుగూ మీరే చెప్పి చూసుకోండి.

‘షి ఈజ్ ఎ ఫైన్ జడ్జ్ ఆఫ్ క్యారెక్టర్.’ నామవాచకం ముందుంది. మనుషుల్ని చూడగానే అంచనా కట్టడంలో ఆవిడ దిట్ట.

‘నో, రియల్లీ, ఐయామ్ ఫైన్.’ ‘నో’ ఉంది, ‘నేను’ ఉంది, వాక్యం అక్కడే ఆగింది. నిజంగా వద్దంటున్నారు, ప్లేటు వెనక్కి తీసుకోండి.

‘ద టెస్ట్స్ కేమ్ బ్యాక్ ఫైన్.’ పరీక్షల్లో ఏ తేడా కనిపించలేదు. ఇక్కడ మాత్రం ‘బాగానే’ అన్న మాట ‘అద్భుతం’ కన్నా తియ్యగా ఉంటుంది.

‘ద ప్రింట్ ఈజ్ ఫైన్.’ ఇది కావాలనే చివర పెట్టాను. అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయనా, ప్రింటు సరిగానే వచ్చిందనా? వాక్యం చూసి చెప్పలేం. అన్నవాళ్లు కళ్లజోడు సర్దుకుంటూ కాగితాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకున్నారా, లేక మిషన్‌లోంచి కాగితం లాగి ఒకసారి చూసి పక్కన పడేశారా, అది చూడండి.